తాతగారి ఇంజనుకు తళతళల వైద్యం

మీ ఊళ్ళో, మీ పొలం గట్టున, ఎండిపోయిన బావి పక్కన, ముళ్ళకంపలో నడుం దాకా కూరుకుపోయిన ఇనుప శాల్తీ ఒకటి ఉండే ఉంటుంది. రెండు వైపులా రెండు పెద్ద చక్రాలు, నడుమ నిలువుగా ఒక సిలిండరు, ఒళ్ళంతా ఇటుక రంగు తుప్పు. అది మీ తాతగారి ఆయిలింజను. మోట ఎడ్లను విప్పేసి, అప్పు చేసి ఆయన తెచ్చుకున్న మొదటి యంత్రం. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. 2004 మే నెలలో ఉచిత కరెంటు ఫైలు మీద ముఖ్యమంత్రి సంతకం పడ్డాక, డీజిలు క్యాను మోసుకెళ్ళి పోసే ఓపిక మిగతావాళ్ళకీ పోయింది. కొట్టం కప్పు కూలింది. తాతగారు పోయారు. ఇంజను మిగిలింది.

ఇప్పుడు మీకు హైదరాబాదులో ఉద్యోగం, శని ఆదివారాలు సెలవు, పొలంలో కొత్తగా కట్టిన ఫామ్‌హౌసు. గేటు పక్కన ఎందుకో వెలితిగా ఉంది. అక్కడ తాతగారి ఇంజను తళతళలాడుతూ నిలబడితే, వచ్చినవాళ్ళు దాని పక్కన ఫొటో దిగితే, ఎంత బావుంటుంది! మీలాంటి వాళ్ళ కోసమే ఈ సలహాలు.

ఈ విషయంలో నా అనుభవం ఒక్క ఇంజను, పదకొండు వారాంతాలు. ఇంతకన్నా ఎక్కువ అనుభవం ఉన్నవాళ్ళు సలహాలు రాయరు, పని చేసుకుంటూ ఉంటారు. అలాంటివాడు మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడు, ఇంజను మేస్త్రీ తాత. ఎనభై దాటాయి. చుట్టుపక్కల పది ఊళ్ళ ఇంజన్లు విప్పి బిగించిన చెయ్యి. అందువల్లే కాబోలు, ఆయనకు కొత్త ఆలోచనలు రావు. ఏం చెయ్యబోయినా "ఆగు నాయనా" అంటాడు. ఆయన మాటలు ఈ వ్యాసంలో అక్కడక్కడా వస్తాయి. ఏం చెయ్యకూడదో తెలియడానికి చదవండి.

1. ముందు దేశం ఖాయం చేసుకోండి, ప్లేటు తర్వాత చదవొచ్చు

పాత ఇంజను అంటే ఇంగ్లండుదే. దీనికి రుజువు అక్కర్లేదు. నిలువు సిలిండరు, రెండు ఫ్లైవీళ్ళు కనబడగానే "లిస్టర్" అని గట్టిగా అనండి. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో డర్స్లీ అనే చిన్న ఊళ్ళో 1867లో పుట్టిన కంపెనీ అది. 1930 ప్రాంతంలో "సీఎస్" అనే డీజిలింజను తెచ్చింది. సీఎస్ అంటే కోల్డ్ స్టార్ట్. అంతకు ముందు చాలా ఆయిలింజన్లకు బ్లోల్యాంపు పెట్టి తలకాయ ఎర్రగా కాలిస్తేగానీ మెలకువ వచ్చేది కాదు. ఇది చలికాలం పొద్దున కూడా హ్యాండిలు తిప్పితే అందుకునేది. 5 హార్స్‌పవర్‌ది నిమిషానికి 600 చుట్లు, తర్వాత వచ్చిన 6 హార్స్‌పవర్‌ది 650 చుట్లు. అంత నిదానంగా తిరుగుతుంది కాబట్టే పక్క ఊరికి కూడా ఒక్కో దెబ్బా విడివిడిగా వినబడేది.

ఈ కథ అతిథులకు చెప్పడానికి చాలు. ఇక్కడితో ఆగిపోవాలి. నేను ఆగకుండా ప్లేటు చదివాను. ఇంగ్లీషులో "లిస్టర్ టైప్" అని ఉంది. రెండో మాటను పట్టించుకోకండి. కింద ఊరి పేరు "రాజ్‌కోట్". ఇక్కడ కంగారు పడొద్దు. "రాజ్" దాకా చదివి ఆపేస్తే బ్రిటిష్ రాజ్ అని అర్థం వస్తుంది. పక్కన ఆరంకెల సంఖ్య ఒకటి కనబడింది. అది సీరియల్ నంబరని, అంటే మూడున్నర లక్షలు దాటాక తయారైన ఇంజనని తేల్చాను. పక్కనే ఐఎస్ఐ గుర్తు. అది రాజముద్ర అనుకున్నాను.

కెమిస్ట్రీ చదువుతున్న మా మేనకోడలు సెలవులకు వచ్చి ఉంది. "మామయ్యా, అది పిన్‌కోడు. 360తో మొదలైంది చూడు, గుజరాత్‌లో రాజ్‌కోటు. పిన్‌కోడ్లు వచ్చిందే 1972 ఆగస్టు 15న. ఐఎస్ఐ మార్కు కూడా 1955కు ముందు లేదు. బ్రిటిష్ వాళ్ళు 1947లోనే వెళ్ళిపోయారు కదా?" అంది. డర్స్లీ నమూనా చూసి రాజ్‌కోట్‌లో ఎన్నో వర్క్‌షాపులు ఇలాంటి ఇంజన్లు పోతపోశాయట. ఇంగ్లండులో ఆ ఇంజను ఆగిపోయాక కూడా అక్కడ ఆగలేదట. "అయితే ఏం మామయ్యా? మన దేశంలో పోసిన బీడు, మన బావిలో నీళ్ళు తోడింది. అదీ కథే కదా" అంది.

చదువుకున్న పిల్లల్ని ఈ దశలో దగ్గర పెట్టుకోవద్దు.

ఇంకొక మాట. మా ఊళ్ళో ఏ డీజిలింజనునైనా "కిర్లోస్కరు" అనేస్తారు. ఆ కంపెనీ పుణెలో ఆయిలింజన్లకు 1946లో మొదలైంది. పెద్దవాళ్ళు ఆ పేరు చెబితే దానికీ సరే అనండి. ఒకే ఇంజనుకు రెండు కంపెనీలు ఉంటే విలువ రెట్టింపు.

2. ప్లేటును అద్దంలా మెరిపించండి

ఇత్తడి ప్లేటు నల్లబడి ఉంటుంది. గ్రైండర్ మిషనుకు ఎమరీ చక్రం తగిలించి, రెండు నిమిషాలు పట్టి చూడండి. మొహం కనబడుతుంది. అక్షరాలు కనబడవు, అది వేరే సంగతి. మొదటి సలహాలోని ఇబ్బందులన్నీ దీంతో తీరిపోతాయి కూడా. పిన్‌కోడు పోయింది, రాజ్‌కోటు పోయింది. ఇప్పుడు ఎవరేం అడిగినా మీరు చెప్పిందే చరిత్ర.

సిలిండరు దిమ్మ మీద, ఫ్లైవీలు అంచున పైకి పొంగిన అంకెలు కనబడతాయి. పోతపోసేటప్పుడే అచ్చులో వేసిన నంబర్లవి. ఇంజను ఏ నమూనాదో, ఏ భాగం దేనికి సరిపోతుందో వాటిని బట్టే తెలుస్తుందంటారు. నాకవి చెమటకాయల్లా కనిపించాయి. నున్నగా రాకేశాను.

మేస్త్రీ తాత అప్పుడే వచ్చాడు. ప్లేటు చేతిలోకి తీసుకుని ఎండకు పెట్టి అటూ ఇటూ వంచి చూశాడు. "చింతపండు గుజ్జు రాసి, బొటనవేలితో తోమితే సరిపోయేది నాయనా. చదవడానికి రాకపోతే సుద్దముక్క రుద్దినా, కాయితం పెట్టి పెన్సిలు గీసినా అక్షరం పైకి తేలుద్ది" అన్నాడు. పెన్సిలు! ఇంత పెద్ద ఇంజనుకి! నవ్వొచ్చింది.

3. విప్పేటప్పుడు గుర్తులు పెట్టుకోవడం పిరికితనం

విప్పడం మొదలుపెట్టే ముందు ఫొటోలు తీయమంటారు కొందరు. ఫోను మెమరీ అంతా దీనికే ఖర్చయితే ప్రారంభోత్సవానికి ఏం మిగులుతుంది? నట్లు, బోల్టులు, వాషర్లు అన్నీ ఒకే బకెట్లో వేసేయండి. ఎక్కడివక్కడ అవే కుదురుకుంటాయి.

మేస్త్రీ తాత పద్ధతి వేరు. గోనెపట్టా పరిచి, విప్పిన వరుసలోనే ఒక్కొక్కటీ ఎడమ నుంచి కుడికి పేర్చేవాడట. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు వచ్చేవాడట. యాభై ఏళ్ళూ అంతే. మధ్యలో ఎవరైనా గోనె దాటితే తిట్టేవాడట. మన బకెట్టును ఎవరు దాటినా నష్టం లేదు.

బేరింగు టోపీల కింద పల్చటి రేకులు, కాయితం ముక్కల్లాంటివి వస్తాయి. అవి చెత్త అనుకుని ఊదేశాను. బేరింగు ఎంత బిగువుగా ఉండాలో ఆ రేకులే చెబుతాయని, ఏ పక్కవి ఆ పక్కే వేయాలని తర్వాత తెలిసింది. తర్వాత తెలిసినవి లెక్కలోకి రావు. అలాగే లోపలి పళ్ళ చక్రాల మీద ఉలితో కొట్టిన చిన్న చుక్కలు ఉంటాయి. ఈ చక్రం చుక్క ఆ చక్రం చుక్కకు ఎదురుపడితేనే వాల్వులు వేళకు తెరుచుకుంటాయట. ఎవరో చెయ్యి జారి కొట్టిన దెబ్బలనుకుని ఆకురాయి పెట్టి చదును చేశాను. ఇప్పుడా చక్రాలు కొత్త పెళ్ళికూతురి గాజుల్లా ఉన్నాయి.

4. ఇరుక్కున్న పిస్టనుకు సమ్మెటే మందు

ఇరవై ఏళ్ళుగా కదలని ఇంజనులో పిస్టను లైనరుకు అతుక్కుపోయి ఉంటుంది. ఎందుకు అతుక్కుంది అని మేస్త్రీ తాతను అడిగాను. ఆయన ఇంజను వైపు కాకుండా కొట్టం గోడ వైపు చూశాడు. గోడ మేకుకు తీగతో వేలాడుతూ ఒక పాత డాల్డా డబ్బా ఉంది, సొట్టలు పడి.

"మీ తాత ఇంజను ఆపాక ఆ డబ్బా తీసుకెళ్ళి పొగ గొట్టం మీద బోర్లించేవాడు. ఒక్కపూట మరిచేవాడు కాదు. వాన చినుకు గొట్టంలోంచి దిగి, తెరిచి ఉన్న వాల్వులోంచి సిలిండర్లోకి పోద్ది. అక్కడ నిలిచిన నీళ్ళే రింగుల్ని పట్టేస్తాయి. ఆయన పోయాక బోర్లించేవాళ్ళు లేరు."

నేను కారణం అడిగితే ఆయన డబ్బా కథ చెప్పాడు. డబ్బాను తీసి చెత్తకుప్పలో పడేశాను. కొట్టం గోడ శుభ్రమైంది.

ఇక పిస్టను. మేస్త్రీ తాత చెప్పిన పద్ధతి వినండి, ఎంత విసుగో. హెడ్డు విప్పి, పిస్టను మీద కిరసనాయిలు, డీజిలు, కాస్త ఇంజనాయిలు కలిపి పోయాలి. నింపి వదిలేయాలి. రోజూ పొద్దున వచ్చి తగ్గినంత మళ్ళీ పోయాలి. పిస్టను మీద వేపచెక్క దిమ్మ పెట్టి, సుత్తితో చిన్నగా తట్టాలి. "కొట్టకూడదు, తట్టాలి. పాపాయిని జోకొట్టినట్టు." వెంట్రుకవాసి కదిలితే వెంటనే రెండోవైపు వెంట్రుకవాసి కదపాలి. ఎన్నాళ్ళు? "అది చెప్పినప్పుడు. వారం కావచ్చు, మూడు నెలలు కావచ్చు." మా మేనకోడలేమో ఎసిటోనూ, గేర్లకు పోసే ఏటీఎఫ్ ఆయిలూ సగంసగం కలిపితే ఇంకా తొందరగా దిగుతుందని, మంట దగ్గర్లో మాత్రం పెట్టొద్దని అంది.

నాకున్నది ఆ ఒక్క ఆదివారం. కమ్మరి కొట్లోంచి పది కిలోల సమ్మెట తెప్పించాను. చెక్కదిమ్మ వేస్తే దెబ్బ బలం తగ్గుతుందని నేరుగా వేశాను. ఏడో దెబ్బకు పిస్టను కదిలింది. నిజానికి పిస్టను తల ఒక్కటే కదిలింది, మిగతాది అక్కడే ఉంది. లైనరు నిలువునా విచ్చుకుంది. అంతటితో వదలక గ్యాసు కట్టరు పెట్టి సిలిండరును ఒకవైపు ఎర్రగా కాల్చి, తొందరగా చల్లారాలని బకెట్టు నీళ్ళు కుమ్మరించాను. బీడుకు ఒకచోట వేడి, ఒకచోట చలి ఇస్తే పగులుతుంది. ఠప్పుమన్న ఆ శబ్దం బావిలోకి వెళ్ళి తిరిగి వచ్చింది.

ఫ్లైవీలు ఊడదీయడానికి దాని చువ్వల మీద కూడా నాలుగు వేశాను. షాఫ్టుకూ చక్రానికీ నడుమ బిగించిన ఇనుప చీలను ముందు లాగాలని, చువ్వలను ముట్టకూడదని తాత అన్నాడు. ఒక చువ్వ విరిగింది. మిగతా అయిదు ఉన్నాయి కదా!

పగిలినచోట మామూలు వెల్డింగు రాడ్డుతో గీయించండి. బీడుకు నికెలు రాడ్డు కావాలి, ముందు మెల్లగా వేడి చేయాలి, తర్వాత బూడిదలో కప్పి మెల్లగా చల్లార్చాలి అంటారు. గేటు పక్కన నిలబడే ఇంజనుకు అతుకు పైకి కనబడకపోతే చాలు.

5. తుప్పును శత్రువులా చూడండి

తుప్పు వదిలించడానికి మూడు మార్గాలున్నాయి. మూడూ చేశాను, ఒకదాని మీద ఒకటి.

మొదటిది యాసిడ్. బాత్రూము కడిగే యాసిడ్ సీసా తెచ్చి, తొట్టిలో పోసి, చిన్న భాగాలన్నీ వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున తీసేసరికి తుప్పుతోపాటు మరలూ పోయి ఉంటాయి. స్ప్రింగులు పట్టుకుంటే పుటుక్కుమంటాయి. గట్టి ఉక్కులోకి హైడ్రోజను దూరి పెళుసు చేస్తుందని మేనకోడలి వివరణ. నీళ్ళతో కడిగి ఎండలో పెట్టిన గంటకే మళ్ళీ నారింజ రంగు తుప్పు వచ్చింది, పాతదానికంటే కళగా. తొట్టి పక్కన కట్టేసిన గేదె దగ్గుతూ తలుగు తెంపుకుని పోయింది.

రెండోది కరెంటు వైద్యం. నీళ్ళలో వాషింగ్ సోడా కలిపి, బ్యాటరీ ఛార్జరు నెగెటివు తీగ తుప్పు భాగానికి, పాజిటివు తీగ పారేసే ఇనుప ముక్కకి తగిలిస్తే, మంచి ఇనుము తరగకుండా తుప్పు మెత్తబడి బురదలా రాలుతుంది. ఇది నిజంగానే పనిచేసే పద్ధతి కాబట్టి నేను మెరుగుపరిచాను. పారేసే ఇనుము మరీ నాసిగా ఉందని ఇంట్లోంచి స్టీలు గరిటెలు తెచ్చి వేలాడదీశాను. నీళ్ళు పసుప్పచ్చగా మారాయి. మేనకోడలు పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకింది. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంటుందట, అది ఇలా కరిగితే విషమట. పైగా బుడగలుగా వచ్చేది హైడ్రోజను, తలుపులు మూసిన గదిలో నిప్పురవ్వ పడితే పేలుతుందట. నేను తలుపులు వేసుకుని, దోమల చుట్ట వెలిగించుకుని కూర్చున్నాను. మా ఆవిడకు గరిటెల సంగతి ఇంకా చెప్పలేదు.

మూడోది ఇసుక. టౌను నుంచి ఇసుక కొట్టే మిషను తెప్పించాను. బేరింగులు, నూనె దారులు మూయకుండానే కొట్టించాను. పైతుప్పు పోయింది, కింద మిగిలిన పాత రంగూ పోయింది, లోపల గుప్పెడు ఇసుక చేరింది. నూనెలో కలిసిన ఇసుక సానరాయితో సమానం. మిషను పట్టిన కుర్రాడికి ముక్కుకు తువ్వాలు కూడా ఇవ్వలేదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే పోదని, ఆ రోగానికి మందు లేదని అతను వెళ్ళిపోయాక మేనకోడలు చెప్పింది.

మేస్త్రీ తాత ఏమన్నాడంటే, "అంతా పోవాల్సిన పని లేదు నాయనా. తిరిగేచోట, ఒరిసేచోట పోతే చాలు. మిగతాచోట డీజిలు గుడ్డతో తుడిచి వదిలెయ్. ఆ మచ్చలు మీ తాత చేతివి." మచ్చల్ని కూడా వారసత్వం అనుకునేవాళ్ళతో వాదించలేం.

6. బయటికి కనబడనివి బరువు తప్ప మరేం కాదు

ఇంజను మూడొందల కిలోల పైమాటే. గేటు దగ్గరికి జరపడానికి ఆరుగురు మనుషులు, రెండు మోకులు. బరువు తగ్గించుకోండి. లోపల దాక్కున్న భాగాలు ఎవరికీ కనబడవు. ఫొటోలో అస్సలు రావు.

ఫ్యూయల్ పంపు తీసేశాను. అరచేతిలో పట్టేంత వస్తువు. అందులో ఒక సన్నటి కడ్డీ, దానికి సరిపోయే గొట్టం. ఆ రెంటినీ జతగా అరగదీసి తయారుచేస్తారు. ఒకదాని కడ్డీ ఇంకోదాని గొట్టంలో పనిచేయదు. నడుమ వెంట్రుక కూడా దూరదు. పెళ్ళయిన జంటల్లో కూడా అంత సఖ్యత కష్టమే. నాజిల్ తీసేశాను. గవర్నరు బరువులు, స్ప్రింగులు తీసేశాను. ఇంజను ఎక్కువ వేగం పోకుండా పగ్గం పట్టేవి అవే. వాల్వులు తీసేశాను. అన్నీ కొట్టం వెనక చెత్తకుప్పలో, డాల్డా డబ్బా పక్కన చేరాయి.

సాయంత్రం మేస్త్రీ తాత ఆ కుప్ప దగ్గర గొంతుకూర్చున్నాడు. పంపును తీసి, కడ్డీ లాగి, చూపుడువేలితో గొట్టం ఒక చివర మూసి, మళ్ళీ కడ్డీ తోసి చూశాడు. గాలి పట్టింది కాబోలు, కడ్డీ వెనక్కి తన్నింది. మొహం మీద ఏదో మెరిసింది. "ఇవి నీకు అక్కర్లేదా?" అన్నాడు.

"తీసుకో తాతా, నాకు చెత్తబండి ఖర్చు తప్పుతుంది" అన్నాను. ఉదారంగా ఉండడం కూడా ఈ పనిలో భాగమే. ఆయన తలగుడ్డ విప్పి, అందులో ఒక్కొక్కటీ పెట్టి మూటకట్టాడు. వెళ్తూ వెళ్తూ డబ్బా కూడా చంకన పెట్టుకున్నాడు. ముసలితనంలో ఇలాంటి చాదస్తాలు మామూలే.

7. రంగులో రాజీ పడొద్దు

డర్స్లీ ఇంజన్లకు ముదురాకుపచ్చ రంగు వేసేవారు. ఫ్యూయలు ట్యాంకు అడుగున, ప్లేటు వెనక, పాత రంగు పెచ్చు గోరంత మిగిలే ఉంటుంది. దాన్ని చూపించి కొట్లో కలిపించుకోవచ్చునట. మా నాయనమ్మ బతికి ఉన్నప్పుడు "మీ తాత ఇంజను గోరింటాకు ముద్ద రంగులో ఉండేదిరా" అనేది. ఇసుక కొట్టించాక పెచ్చు మిగల్లేదు. నాయనమ్మా లేదు. అందుకే ఒంటికి నెమలికంఠం రంగు, చక్రాలకు బంగారు రంగు, చువ్వలకు ఎరుపు ఖాయం చేశాను. విరిగిన చువ్వ చోట జెండా కట్టాను.

ప్రైమరు వేయొద్దు. జిడ్డు తుడవొద్దు. నూనె పోసే కన్నాలు, గాలి ఆడే కన్నాలు, గ్రీజు పెట్టే నిపుళ్ళు అన్నిటి మీదుగా దట్టంగా మూడు పూతలు లాగించండి. ఎక్కడ నూనె పోయాలో ఎవరికీ తెలియనంత నున్నగా రావాలి. పైన పటారం బాగుంటే లోన లొటారం ఎవరు చూడొచ్చారు?

పొగ గొట్టాన్ని మాత్రం పాడుచేయొద్దు. ఆకాశంలోకి తెరుచుకుని ఉంటే అందం. నేను అందులో ప్లాస్టిక్ పొద్దుతిరుగుడు పువ్వు పెట్టాను.

8. స్టార్టు చేసే దౌర్భాగ్యం మీకు పడితే

నా ఇంజనుకు ఆ అవసరం రాలేదు. మా తోడల్లుడి ఊళ్ళో ఒకటి ఇంకా తిరిగే స్థితిలో ఉంది. అతను ఫోను చేస్తే నేను చెప్పిన సలహాలు ఇవి.

హ్యాండిలును గట్టిగా, పిడికిలి బిగించి, బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోవాలి. (మేస్త్రీ తాత మాట: బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలి. ఇంజను ఎదురు తంతే హ్యాండిలు అరచేతిలోంచి జారిపోద్ది, వేలు అడ్డంపడి ఉంటే మణికట్టు తీసుకుపోద్ది.) తోడల్లుడికి నెలన్నర కట్టు.

వాల్వు లేపే చిన్న పిడిని పట్టించుకోవద్దు. (తాత మాట: పిడి లేపితే లోపల గాలి బిగువు ఉండదు, చక్రాలు తేలిగ్గా తిరుగుతాయి. వేగం అందుకున్నాక పిడి వదలాలి. అప్పుడు చక్రాల ఊపే ఇంజనును లేపుద్ది.) మొదటి చుట్టు నుంచే బలం చూపించాలి.

నాజిల్ కూత వినాలంటారు. పంపును చేత్తో కొడితే లోపల "కీచ్" మని శబ్దం రావాలి, వస్తే నూనె చక్కగా చిమ్ముతోందని లెక్క. మనకు పాటలు వినడానికి ఫోనుంది.

అందుకోకపోతే గాలి లోపలికి పోయేచోట కాస్త పెట్రోలు చిలకరించండి. (తాత ఇక్కడ చెవులు మూసుకున్నాడు.) డీజిలింజనులో పెట్రోలు వేళ కాని వేళ పేలుతుంది. కడ్డీలు వంగొచ్చు, హ్యాండిలు పట్టినవాడు ఎగిరిపడొచ్చు. ఇక గవర్నరు పట్టేసి ఇంజను అదుపు తప్పి పరుగందుకుంటే పక్కన నిలబడి వీడియో తీయండి. (తాత మాట: గాలి దారికి మందపాటి చెక్క అడ్డం పెట్టి ఊపిరి ఆపాలి. చేతకాకపోతే చక్రాలకు ఎదురుగా కాక పక్కకు పారిపోవాలి. చక్రం పగిలితే ముక్క గోడలో దిగుద్ది.)

నీళ్ళ గొట్టం కలపకపోయినా పర్వాలేదు. మా చిన్నప్పుడు పంపు నీళ్ళలోంచి ఒక పాయ ఇంజను ఒంట్లోంచి వెళ్ళి, వేడెక్కి, సన్న గొట్టంలోంచి కాలవలో పడేది. చలికాలం పొద్దున్నే పిల్లలమంతా ఆ ధార కింద కూర్చుని ఒళ్ళు రుద్దుకునేవాళ్ళం. తాతయ్య నాజిల్ చూస్తూనే "ఒరే, తల తుడుచుకోండిరా" అని అరిచేవాడు. ఆ నీళ్ళు ఇంజను చల్లబడడానికని అప్పుడు తెలియదు. మా కోసమే పెట్టాడనుకునేవాళ్ళం.

ఈ పేరా సలహాలకు సంబంధించింది కాదు. వదిలేయండి.

9. సందేహాలు, సమాధానాలు

*మా ఇంజను చక్రం చేత్తో తిప్పితే తిరుగుతోంది. ఏం చెయ్యాలి?*
వెల్డింగు చేయించండి. తిరిగితే పిల్లల వేళ్ళు పడతాయి.

*పాత ఇనుప కొట్టువాడు కిలో లెక్కన అడుగుతున్నాడు. అమ్మాలా?*
అమ్మొద్దు. వాడు ఒక్క రోజులో పాడుచేస్తాడు. నా పద్ధతిలో అదే పనికి పదకొండు వారాలు పడుతుంది, ఆత్మీయంగా ఉంటుంది.

*ఇంజను చప్పుడు లేకుండా వెలితిగా ఉంది.*
బ్లూటూత్ స్పీకరు. పీఠం వెనక దాచండి. అతిథులు రాగానే ఫోనులోంచి "డుగ్ డుగ్ డుగ్" మొదలుపెట్టండి.

*పనికి మొత్తం ఎంతయింది?*
మా ఆవిడ కూడా ఇదే అడుగుతోంది.

10. చివరి జాగ్రత్త

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రిబ్బను కత్తిరించాం, కొబ్బరికాయ కొట్టాం, డెబ్బై ఫొటోలు దిగాం. స్పీకరు బ్రహ్మాండంగా పనిచేసింది. మేస్త్రీ తాతను పిలిచాను. వచ్చాడు. నెమలికంఠం రంగు మీద చెయ్యి వేయబోయి, పచ్చిగా ఉందేమోనని వెనక్కి తీసుకున్నాడు. "పని ఉంది నాయనా" అని భోంచేయకుండా వెళ్ళిపోయాడు.

మరుసటి వారం, సాయంత్రం వరండాలో కూర్చున్నాను. డుగ్, డుగ్, డుగ్ మని మొదలైంది. పిల్లలెవరో నా ఫోను నొక్కారనుకుని విసుక్కుంటూ వెళ్ళి స్పీకరు తీశాను. ఆరిపోయి ఉంది. ఛార్జింగే లేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. రెండు పొలాల అవతల నుంచి వస్తోంది.

వెళ్ళి చూశాను. చింతచెట్టు కింద ఇంకెవరిదో పాత ఇంజను, మాదానిలాంటిదే. ఒంటి నిండా తుప్పు మచ్చలు, చుక్క రంగు లేదు. దానికి ఎవరి పంపో నాకు బాగా తెలిసిన పంపు, ఎవరి గవర్నరో నాకు బాగా తెలిసిన గవర్నరు. సన్న గొట్టంలోంచి గోరువెచ్చటి నీళ్ళు కాలవలో పడుతున్నాయి. ఇద్దరు పిల్లలు ధార కింద చేరి ఒకర్నొకరు తోసుకుంటున్నారు. మేస్త్రీ తాత చెవి ఇంజను వైపు పెట్టి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

పొద్దు వాలాక ఇంజను ఆపాడు. చక్రాలు తమంతట తాము తిరిగి తిరిగి, ఆగే ముందు ఒకసారి వెనక్కి ఊగి, నిలిచాయి. ఆయన గొట్టం చల్లారేదాకా ఆగి, మునివేళ్ళ మీద లేచి, ఆ సొట్టల డాల్డా డబ్బాను పొగ గొట్టం మీద బోర్లించాడు. ఒకసారి తట్టి చూసుకున్నాడు.

అంత మంచి గొట్టాన్ని డబ్బాతో మూసి అందమంతా చెడగొట్టాడు. మీరు మాత్రం అలా చేయకండి.